వీఆర్ లోపలే అభిప్రాయం తీసుకోవడం: ప్యానెల్ కొలతల నుంచి లాగ్ ఫైల్ దాకా

ప్రశ్న: ఫ్యాక్టరీ కార్మికులకు మంటలార్పే సిలిండర్ వాడకం నేర్పే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) యాప్ తయారు చేశాం. హెడ్‌సెట్ క్వెస్ట్ 2, తయారు చేసింది యూనిటీ సాఫ్ట్‌వేర్‌లో. హెడ్‌సెట్ తీశాక ట్యాబ్‌లో ఫారం నింపిస్తున్నాం. అందరూ 'బాగుంది' అంటూ 5కి 4, 5 ఇస్తున్నారు. కానీ చూస్తుంటే సగం మంది పిన్ను లాగే దగ్గరే తడబడుతున్నారు. అభిప్రాయాన్ని వీఆర్ లోపలే తీసుకోవడం ఎలా? ఏం అడగాలి, ఎప్పుడు అడగాలి?

జవాబు:

చిక్కు ఫారంలో కంటే అది చేతికొచ్చే సమయంలో ఎక్కువుంది. హెడ్‌సెట్ తీసిన మనిషి ముందు మొహం తుడుచుకుంటాడు, వెలుతురుకి కళ్లు సర్దుకుంటాడు, చుట్టూ ఎవరున్నారో చూసుకుంటాడు. ఎదురుగా ట్యాబ్ పట్టుకుని నిలబడ్డ మీరు ఆ యాప్ చేసినవాళ్లని తెలుసు. పక్కన సూపర్‌వైజర్ కూడా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. 'బాగుంది సార్' తప్ప వేరే మాట రాదు. పిన్ను దగ్గర పడ్డ ఇబ్బంది అప్పటికే వెనక్కి పోయి, చివర్లో మంట ఆరిపోయిన సంతోషమే మిగులుతుంది.

లోపల అడిగితే ఈ బాధ తగ్గుతుంది, కానీ కొత్తది ఒకటి వస్తుంది. కాగితం మీద ప్రశ్నకు బరువుండదు. వీఆర్‌లో ప్రశ్న కూడా ఒక తెర, ఒక బటన్, ఒక గురి. అక్షరం మసగ్గా ఉన్నా, బటన్ చిన్నదైనా ఆ చిరాకు మీ యాప్ మార్కుల్లో కలిసిపోతుంది, విడదీయడం కుదరదు. అందుకే ఏం అడగాలన్న దానికంటే ముందు ఆ ప్రశ్న కనిపించే తెర, అంటే ప్యానెల్ సంగతి చూద్దాం.

ప్యానెల్‌ను తలకు అతికించకండి. తల తిప్పినప్పుడల్లా తెర కూడా తిరిగితే కొందరికి నిమిషంలోనే వికారం మొదలవుతుంది. ప్రశ్న వచ్చే క్షణంలో తల ఏ దిక్కుకు ఉందో ఒక్కసారి తీసుకుని, ఆ దిక్కులో 2 మీటర్ల దూరంలో, కంటి మట్టానికి 10 డిగ్రీల కిందుగా నిలబెట్టి, అక్కడే స్థిరంగా ఉంచండి. తల పైకో కిందికో వాలి ఉన్న కోణాన్ని తీసుకోవద్దు. మనిషి నేల మీది మంట వైపు చూస్తున్నప్పుడు ప్రశ్న వస్తే ప్యానెల్ నేలలో దిగిపోతుంది. గోడ 1.2 మీటర్ల దూరంలోనే ఉంటే, ప్యానెల్ గోడ వెనక పడుతుంది కాబట్టి 'అన్నిటికంటే పైన గీయి' అనే సెట్టింగ్ పెట్టేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అది చేయొద్దు. గోడ వెనక ఉండాల్సిన వస్తువు గోడ ముందు కనిపిస్తే రెండు కళ్లకూ పొత్తు కుదరక కళ్లు లాగేస్తాయి. ప్రశ్న వచ్చేటప్పుడు ఫ్యాక్టరీ దృశ్యాన్ని అర సెకనులో మసకబరిచి, బూడిదరంగు ఖాళీ గదిలోకి తీసుకెళ్లడం మేలు. అది మీ శిక్షణకూ మంచిదే, మంట కళ్ల ముందు మండుతుండగా ఎవరూ ప్రశ్న చదవరు.

కొలతల విషయానికొస్తే, డేడ్రీమ్ (గూగుల్ పాత వీఆర్ వేదిక) రోజుల్లో గూగుల్ డిజైనర్లు ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. 1 మీటరు దూరంలో 1 మిల్లీమీటరును ఒక యూనిట్ అనుకోండి. 2 మీటర్లలో అదే యూనిట్ 2 మిల్లీమీటర్లు. చేతిలోని కంట్రోలర్ నుంచి వచ్చే లేజర్ గీతతో గురిపెట్టే బటన్‌కు కనీసం 64 యూనిట్లు, కొత్తవాళ్లకు 80 దాకా ఇవ్వండి. అంటే 2 మీటర్ల దగ్గర 13 నుంచి 16 సెంటీమీటర్లు. 16 సెంటీమీటర్ల బటన్లు ఐదు, మధ్యలో 4 సెంటీమీటర్ల ఖాళీలు వేస్తే వరుస మొత్తం 96 సెంటీమీటర్లు, దాదాపు 27 డిగ్రీలు. తల తిప్పకుండానే కనిపిస్తుంది. అక్షరాలకు ఇంగ్లిష్‌లో 24 యూనిట్లు చాలు, తెలుగుకు చాలవు. క్వెస్ట్ 2 డిగ్రీకి సుమారు 20 పిక్సెళ్లు చూపిస్తుంది. 24 యూనిట్లంటే 27 పిక్సెళ్ల ఎత్తు. అందులోనే తలకట్టు, గుడి, అక్షరం, కింద ఒత్తు అన్నీ ఇమడాలి. ఒత్తుకు ఏడెనిమిది పిక్సెళ్లకు మించి దక్కవు, 'ముద్ద'కూ 'ముద్ర'కూ తేడా తెలియదు. 32 నుంచి 36 యూనిట్లు పెట్టండి, అంటే 2 మీటర్లలో ఆరున్నర, ఏడు సెంటీమీటర్లు. వరుసకు 25 అక్షరాలు, ప్రశ్నకు రెండు వరుసలు దాటనివ్వకండి.

యూనిటీలో తెలుగు రాసినవాళ్లకు రెండో దెబ్బ ఎలాగూ తగులుతుంది: అందులో అక్షరాలు గీసే టెక్స్ట్‌మెష్ ప్రో తెలుగు ఒత్తులను కలపదు. 'స్త్రీ' అని టైపు చేస్తే సకారం, తకారం, రకారం పొల్లులతో విడివిడిగా వరుసగా నిలబడతాయి. ఫాంట్ మార్చినంత మాత్రాన బాగవదు, అక్షరాలను కలిపి పేర్చే పని ఆ ఇంజిన్‌లోనే లేదు. ప్రశ్నలు పది, పదిహేనే కాబట్టి దగ్గర దారి ఏమిటంటే, తెలుగును సరిగ్గా చూపించే ఏదో ఒక డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ప్రశ్నలను నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌తో రాసి, బొమ్మలుగా తీసుకొచ్చి అతికించడం. ప్యానెల్ తెర మీద 600 పిక్సెళ్లకు అటూఇటూ వెడల్పులో కనిపిస్తుంది కనుక బొమ్మ 1200 నుంచి 1400 పిక్సెళ్ల వెడల్పు ఉంటే సరిపోతుంది. మిప్‌మ్యాప్‌లు (అదే బొమ్మకు ముందే తయారై ఉండే చిన్న కాపీలు) ఆన్ చేయండి, లేకపోతే తల కదిలినప్పుడల్లా అక్షరాల అంచులు మిలమిలలాడతాయి. ప్రశ్నలు తరచూ మారేట్టుంటే ఆండ్రాయిడ్ సొంత టెక్స్ట్ వ్యవస్థతో బొమ్మగా గీయించి ప్యానెల్ మీదికి తెచ్చుకోవచ్చు, ఆండ్రాయిడ్‌కు తెలుగు వచ్చు. ప్యానెల్‌ను కంపోజిటర్ లేయర్‌గా (మిగతా దృశ్యంతో కలపకుండా హెడ్‌సెట్ విడిగా చూపించే పొరగా) పెడితే అక్షరం ఇంకొంచెం పదునుగా కనిపిస్తుంది.

ప్రతి ప్రశ్ననూ చదివి వినిపించే ఆడియో కూడా పెట్టండి. చదవడం అంతగా అలవాటు లేనివాళ్లకే కాదు, కళ్లద్దాలు తీసేసి హెడ్‌సెట్ పెట్టుకున్నవాళ్లకూ అదే ఆధారం. హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీలైతే హిందీ, ఒడియా గొంతులు కూడా రికార్డు చేయించుకోండి.

మీ యాప్‌కే ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. సిలిండర్ మీట నొక్కడానికి ట్రిగ్గర్ (కంట్రోలర్ మీది చూపుడువేలి బటన్) వాడుతూ ఉంటారు. మంట ఆరిన వెంటనే ప్రశ్న వస్తే, వేలు ఇంకా ట్రిగ్గర్ మీదే ఉంటుంది. ఏ బటన్ ఎదురుగా ఉంటే దానికి జవాబు పడిపోతుంది. ట్రిగ్గర్ పూర్తిగా వదిలారని నిర్ధారించుకున్నాక, ఇంకో 0.7 సెకను ఆగి, అప్పుడు బటన్లను పనిచేయనివ్వండి. లాగ్‌లో (యాప్ తనంతట తాను రాసుకునే రికార్డులో) ప్రశ్న కనిపించిన క్షణం, జవాబు పడిన క్షణం రెండూ రాసుకోండి. సెకనులోపు వచ్చిన జవాబును చదివి ఇచ్చిన జవాబుగా లెక్కించకండి. ఇంకో చిన్న తిరకాసు: ట్రిగ్గర్ నొక్కే ఊపులో కంట్రోలర్ కొద్దిగా వంగుతుంది, 2 మీటర్ల అవతల లేజర్ పక్క బటన్ మీదికి జారుతుంది. నొక్కడానికి 100 మిల్లీసెకన్ల ముందు లేజర్ ఎక్కడుందో దాన్నే జవాబుగా తీసుకుంటే ఈ జారుడు పోతుంది. ఎంచుకున్నది రంగు మారాక 'సరే' అనే విడి బటన్ నొక్కించడం ఇంకా భద్రం.

స్లైడర్ వద్దు. మధ్యలో నిలబడిన స్లైడర్‌ను కదపకుండా వదిలేసేవాళ్లు ఎక్కువ, ఆ 3 నిజమైన 3నో కాదో మీకు తెలియదు. నవ్వు మొహాల బొమ్మలు కూడా నాకు నచ్చవు. ఏడుపు మొహం నొక్కడం ఎదుటివాళ్లను తిట్టినట్టు అనిపిస్తుంది, ఎవరూ నొక్కరు. అంకె, కింద మాట, అన్ని బటన్లకూ ఒకే రంగు. పక్కన విడిగా 'చెప్పలేను' ఒకటి.

ఇక పిన్ను. ఈ సమస్యకు సగం జవాబు మనుషులను అడగకుండానే దొరుకుతుంది. నాలుగు సంఘటనలను సమయంతో సహా లాగ్ చేయండి: చేయి పిన్నుకు 15 సెంటీమీటర్ల లోపలికి వచ్చింది, గ్రిప్ బటన్ (వస్తువును పట్టుకోవడానికి నొక్కేది) నొక్కారు, పట్టు దొరికింది, పిన్ను ఊడింది. చేయి అసలు దగ్గరికే రాకపోతే పిన్ను కనిపించలేదు, లేదా సూచన వినలేదు. దగ్గరికి వచ్చి, ఏమీ నొక్కకుండా ఐదారు సెకన్లు తచ్చాడితే ఏ బటనో తెలియలేదు. గ్రిప్ నొక్కుతున్నారు, పట్టు దొరకడం లేదు అంటే తప్పు మీ కొలైడర్‌ది (చేయి వస్తువుకు తగిలిందో లేదో తేల్చే కనిపించని హద్దు). నిజమైన పిన్ను రింగు రెండు మూడు సెంటీమీటర్లే ఉంటుంది, దాన్ని అలాగే మోడల్ చేసి కొలైడర్‌ను కూడా అంతే పెడితే ఎవరికీ అందదు. చుట్టూ 5 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో గోళం పెట్టి చూడండి. పట్టు దొరికింది గానీ ఊడలేదు అంటే లాగే దిశ మీద మీరు పెట్టిన పరిమితి మరీ కఠినంగా ఉంది. నాలుగూ బయటికి 'తడబాటు'గానే కనిపిస్తాయి. మందులు మాత్రం వేరు.

అభిప్రాయం ఈ లాగ్ పక్కన కూర్చోవాలి. పిన్ను ఘట్టం అయ్యాక, సిలిండర్ ఎత్తి మంట వైపు నడిచే ముందు, ఒకే ప్రశ్న: 'పిన్ను లాగేటప్పుడు ఏం జరిగింది?' జవాబులు: పిన్ను ఎక్కడుందో కనిపించలేదు, ఏ బటన్ నొక్కాలో తెలియలేదు, నొక్కినా పట్టు దొరకలేదు, ఇబ్బందేమీ రాలేదు, చెప్పలేను. మొదటి మూడింటి వరుస ఒక్కొక్కరికి మార్చండి. తడబడినవాళ్లనే అడగాలన్న ఆలోచన వస్తుంది, వద్దు. ప్రశ్న రావడమే 'నువ్వు తప్పు చేశావు' అన్న సంకేతంగా మారుతుంది. అందరినీ ఒకే చోట అడగండి. లాగ్‌లో గ్రిప్ ఆరుసార్లు నొక్కి, 'ఇబ్బందేమీ రాలేదు' అన్నవాళ్లు కూడా తేలతారు. మీ ఫారంలో 5 ఇచ్చినవాళ్లు ఎందుకిచ్చారో అప్పుడు అర్థమవుతుంది.

పని మధ్యలో ఇలాంటి ప్రశ్నలు మొత్తం సెషన్‌లో మూడు మించొద్దు, ఒక్కొక్కటీ 15 సెకన్లలో అయిపోవాలి. మంట ఆర్పే సమయాన్ని కొలుస్తున్న ఘట్టంలో అసలు ఆపొద్దు. పని మొత్తం అయ్యాక, ఇంకా హెడ్‌సెట్‌లో ఉండగానే, ఆ బూడిదరంగు గదిలో ఒక స్టూలు చూపించి (నిజంగానూ కుర్చీ వేసి) కూర్చోబెట్టి, ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్, వాడటం ఎంత సులువో కొలిచేది) అడగొచ్చు. అది జాన్ బ్రూక్ 1986లో తయారు చేసిన పది ప్రశ్నల కొలమానం, రెండు మూడు నిమిషాల పని. బేసి ప్రశ్నల జవాబు నుంచి 1 తీసేయాలి, సరి ప్రశ్నల జవాబును 5లోంచి తీసేయాలి, మొత్తాన్ని 2.5తో గుణించాలి. వచ్చే 0–100 అంకె శాతం కాదు, సగటు 68 దగ్గర ఉంటుందని ఎన్నో ఉత్పత్తుల మీద తేలింది. పదిమందితో వచ్చిన 71నీ 75నీ పోల్చి 'మెరుగైంది' అనకండి. పైగా సరి ప్రశ్నలు వ్యతిరేకంగా ఉంటాయి, చెవితో విని జవాబిచ్చేవాళ్లు అక్కడ తికమకపడతారు. అన్నిటికీ 4 నొక్కినవారి స్కోరు అచ్చంగా 50 వస్తుంది. అలాంటివి కనిపిస్తే పక్కన పెట్టి, వాళ్లు గొంతుతో చెప్పిన జవాబు వినండి.

వీఆర్‌లో నిజంగా ఉన్నట్టు అనిపించిందా అన్న ప్రశ్నలు కూడా లోపలే అడగడం మంచిది. 2019లో వచ్చిన ఒక పరిశోధనలో లోపల అడిగినా, బయట అడిగినా సగటు మారలేదు, లోపల అడిగితే జవాబుల చెదురు (ఒకరికీ ఒకరికీ ఉండే తేడా) మాత్రం నిలకడగా ఉంది.

వికారం, తలతిరుగుడు గురించి పెద్ద ప్రశ్నావళిని మాత్రం బయటే పెట్టండి. 1993 నుంచి అందరూ వాడే ఎస్‌ఎస్‌క్యూలో (సిమ్యులేటర్ సిక్‌నెస్ క్వశ్చనేర్) 16 లక్షణాలుంటాయి, ఒక్కొక్కటీ 0 నుంచి 3. అప్పటికే కడుపులో తిప్పుతున్న మనిషిని ఆ 16 ప్రశ్నల కోసం హెడ్‌సెట్‌లోనే ఉంచడం తప్పు. లోపల నోటితో ఒక అంకె చాలు: 0 అంటే ఏమీ లేదు, 20 అంటే భరించలేను, నిమిషానికోసారి. ఎంత చెబితే ఆపేస్తారో ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి. నేనైతే 20కి 12 దగ్గర ఆపమంటాను. అక్కడికి వచ్చాక మనిషి 'పర్లేదు సార్' అన్నా ఆపాల్సిందే.

ఎస్‌ఎస్‌క్యూను తెలుగులో అడగడానికి మాటల దగ్గర ఎక్కువ సమయం పెట్టండి. కళ్లు తెరిచి ఉన్నప్పుడు తల తిరగడం, మూసుకున్నప్పుడు తిరగడం, చుట్టూ ఉన్నవి గిర్రున తిరగడం – ఇంగ్లిష్‌లో ఇవి మూడు లక్షణాలు. తెలుగులో మూడూ 'కళ్లు తిరుగుతున్నాయి' అయిపోతాయి. కాబట్టి మాట బదులు పరిస్థితి చెప్పండి: 'కళ్లు మూసుకోండి. ఇప్పుడు తూలుతున్నట్టు ఉందా?' 'కడుపులో తిప్పడం' మనకు వికారమే. దానికి ముందుండే తేలికపాటి అసౌకర్యం వేరే ప్రశ్న, దానికి 'కడుపులో ఏదోలా ఉందా' అనేది దగ్గరి మాట. కళ్ల శ్రమకు కొన్ని జిల్లాల్లో 'కళ్లు లాగుతున్నాయి', తెలంగాణలో చాలా చోట్ల 'గుంజుతున్నయ్' అంటారు. రెండూ పక్కపక్కన రాసుకోండి. మొదలుపెట్టే ముందు కూడా ఒకసారి లక్షణాలు అడగాలి, రాత్రి షిఫ్ట్ చేసి వచ్చినవారికి తలనొప్పి ముందే ఉండొచ్చు. అయితే ముందుగా వికారం గురించి ఏకరువు పెడితే తర్వాత వికారం ఎక్కువగా చెబుతారని కూడా పరిశోధనల్లో తేలింది. అందుకే ముందు 'ఈరోజు ఒంట్లో ఎలా ఉంది, నిద్ర పట్టిందా, ఏమైనా తిన్నారా' దగ్గరే ఆగండి.

మనుషులు చెప్పే ఇబ్బందికి మీ డిజైన్ కారణం కాకపోవచ్చు కూడా. కనుపాపల మధ్య దూరం క్వెస్ట్ 2లో 58, 63, 68 మిల్లీమీటర్లు అనే మూడు మెట్లే. తప్పు మెట్టులో ఉంటే అంతా మసక, పది నిమిషాల్లో తలనొప్పి. ఒకరి తర్వాత ఒకరికి తగిలిస్తూ పోతే ఎవరిది ఏ మెట్టో గుర్తుండదు, ప్రతి సెషన్‌కూ రాసుకోండి. అలాగే 72 హెర్ట్జ్‌లో (సెకనుకు 72 ఫ్రేములు, అంటే బొమ్మలు) ఒక్కో ఫ్రేముకు 13.9 మిల్లీసెకన్లే సమయం. పొగ, మంట పార్టికల్స్ వచ్చినప్పుడు ఫ్రేములు తప్పితే తల తిరుగుతుంది. సెకనుకు ఎన్ని ఫ్రేములు తప్పాయో లాగ్‌లో ఉంటే 'తల తిరిగింది' అన్న జవాబు పక్కన కారణం కూడా దొరుకుతుంది.

తల, రెండు చేతుల స్థానం సెకనుకు 10 సార్లు రాస్తే చాలు. ఒక్కో నమూనా 92 బైట్లు, 20 నిమిషాలకు 1.1 మెగాబైట్లు. మనిషి తన దిక్కును రీసెంటర్ చేసుకుంటే (ముందు వైపు ఏదో మళ్లీ సెట్ చేసుకుంటే) అప్పటి నుంచి కొలతలన్నీ పక్కకు జరిగిపోతాయి, ఆ సంఘటనను తప్పక లాగ్ చేయండి. ఫైలును హెడ్‌సెట్‌లోనే, జవాబు పడిన ప్రతిసారీ ఒక వరుస చొప్పున రాయండి. చివర్లో ఒకేసారి సేవ్ చేద్దామనుకుంటే పోతుంది: హెడ్‌సెట్ తీయగానే సెన్సర్ దాన్ని నిద్రపుచ్చుతుంది, యాప్ మూసేటప్పుడు సిస్టమ్ నుంచి యాప్‌కు రావాల్సిన పిలుపు చాలాసార్లు రాదు. యాప్ ఆగినప్పుడు వచ్చే పాజ్ పిలుపులో సేవ్ చేయండి. ఫ్యాక్టరీ వైఫైని నమ్మి నేరుగా సర్వర్‌కు పంపకండి.

గొంతుతో ఒకే ప్రశ్న అడగండి: 'ఎక్కడ ఆగిపోయారో చెప్పండి', 30 సెకన్లు. 16 కిలోహెర్ట్జ్ మోనోలో నిమిషానికి 2 మెగాబైట్ల లోపే. మైక్ అనుమతి యాప్ మొదట్లోనే తీసుకోండి, మధ్యలో సిస్టమ్ పెట్టె ఊడిపడితే ఘట్టం చెడుతుంది. పన్నెండు మంది మాటలంటే మొత్తం ఆరు నిమిషాలు, కూర్చుని చెవితో వినండి. ఎక్కడ తటపటాయించారో రాతలో కనిపించదు.

అనుమతి గురించి గట్టిగా చెబుతాను. పేరు తీసేశాం కదా అని కదలికల డేటాను మామూలు డేటా అనుకోకండి. 2020లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 511 మందిలో ఎవరు ఎవరో 5 నిమిషాల లోపు కదలికలతోనే 95 శాతం సరిగ్గా గుర్తించగలిగారు. కార్మికుల డేటా యాజమాన్యం చేతికి వెళ్తే 'పిన్ను లాగలేనివాళ్లు' అనే జాబితా తయారవుతుంది. వ్యక్తుల లాగ్‌లు ఇవ్వబోమని, మొత్తం లెక్కలే ఇస్తామని ఒప్పందంలో ముందే రాయించుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం అనుమతి పత్రాన్ని ఇంగ్లిష్‌లో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్ భాషల్లో గానీ చదువుకునే వీలుండాలి, తెలుగు అందులో ఉంది. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవడం కూడా ఇచ్చినంత తేలిగ్గా ఉండాలి. ఒక్కొక్కరికి కోడ్ ఉన్న చీటీ ఇచ్చి, 'ఈ కోడ్ చెబితే మీ డేటా తీసేస్తాం' అంటే సరిపోతుంది. సూపర్‌వైజర్‌ను గదిలో ఉండనివ్వకండి.

రోజు ఏర్పాటు: ఒక్కొక్కరికి 40 నిమిషాలు. అమరిక, అనుమతి 8, బటన్లు నేర్పే చిన్న గది 4, అసలు పని 10, లోపలి ప్రశ్నలు 4, బయట ఎస్‌ఎస్‌క్యూ, మాటలు 14. ఆ బటన్లు నేర్పే గదిలోనే 'ఇవాళ ఏం వారం?' లాంటి డమ్మీ ప్రశ్న ఒకటి పెట్టండి. ప్యానెల్ వాడటం అక్కడే వచ్చేస్తుంది, రానివాళ్లు ఎవరో అసలు ప్రశ్నలకు ముందే మీకు తెలుస్తుంది. బ్యాటరీ రెండు మూడు గంటలే కాబట్టి రెండు హెడ్‌సెట్లు. మొహానికి తగిలే భాగానికి సిలికాన్ కవరు వేసి ప్రతిసారీ తుడవండి. లెన్సులకు మాత్రం పొడి మైక్రోఫైబర్ గుడ్డే, ఆల్కహాల్ తగలకూడదు. బయట మాటల్లో 'ఎందుకు' అని ఊరికే అడగకుండా, రికార్డయిన వీడియోలో ఆ పది సెకన్లు చూపించి 'ఇక్కడ ఏమనుకున్నారు?' అనండి. పని చేస్తుండగా మనసులో అనుకునేది పైకి చెబుతూ ఉండమనడం ఇక్కడ కుదరదు, సమయం కొలతలు పాడవుతాయి.

మొదట ఆరుగురితో చేయండి. పొట్టివారు, ఎడమచేతివారు, కళ్లద్దాలవారు ఒక్కొక్కరైనా ఉండాలి. పిన్ను దగ్గర నాలుగు కారణాల్లో ఏది ఎక్కువో ఆ ఆరుగురితోనే తేలుతుంది. దాన్ని సరిచేశాక మళ్లీ వాళ్లనే పిలవకండి, పిన్ను ఎక్కడుందో వాళ్ల చేతికి ఇప్పటికే తెలుసు. కొత్త ఆరుగురు, అదే ప్రశ్న, అవే జవాబులు, ఒక్క మాట కూడా మార్చకుండా.